అంకె కింద చుక్క

ట్రయల్ రేసుకు ఇంకా పన్నెండు రోజులుందనగా, మూడు వారాలుగా తాను ప్రాణం పెట్టి పరిగెడుతున్న ప్లాన్‌లో ఎవరో చెయ్యి పెట్టారని లిఫ్టు కనిపెట్టాడు. లిఫ్టులు బాగుచేసే పని కాబట్టి పరుగుల క్లబ్బులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

మంగళవారం ఉదయం. నోట్లో బ్రష్షు ఉంది. అతని భార్య ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఐసు ఊడదీసి, ట్రేను ఫ్రిజ్ నెత్తిమీదే పెట్టి మర్చిపోయింది. ఐసు కరిగి తలుపు మీదుగా కారింది. తలుపుకు అయస్కాంతం బిళ్ళతో అంటించిన కాగితం తడిసి ముద్దయింది.

"అయ్యో, మీ జాతకం తడిసిపోయిందండీ!" అంటూ ఆమె గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"తుడవకు! అలాగే ఉంచు" అన్నాడు లిఫ్టు.

కాగితంలో ఐదు అడ్డవరసలు, ఏడు నిలువు గళ్ళు. ఐదు వారాల ప్లాన్. బాల్ పెన్నుతో వేసిన అంకెలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొదటి నాలుగు గురువారాల గళ్ళలో అంకెలు మాత్రం, పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు, కరిగి కిందికి జారాయి. మధ్యలో నీలం, అంచుల్లో వంకాయరంగు. ఆ మరకల కింద, నాలుగు గళ్ళలోనూ, పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్క.

లిఫ్టు నురగ మింగేశాడు.

ఆ చుక్క ఏమిటో క్లబ్బులో ప్రతివాడికీ తెలుసు. క్లబ్బు కోచ్ మాస్టారు ప్లాన్ రాసే పద్ధతే వేరు. ముందు స్కేలుతో గళ్ళు గీస్తారు. తర్వాత పెన్సిలు తీసి విశ్రాంతి రోజులకు చుక్కలు పెడతారు. ఆ పైనే బాల్ పెన్ను తీసి, మిగిలిన గళ్ళలో కిలోమీటర్లు వేస్తారు. "ముందు పడక, తర్వాత పరుగు" అనేది ఆయన మాట. చుక్క ఉన్న రోజు బూట్లు ముట్టుకోకూడదు. ప్లాన్‌లో ఉన్నదానికి ఒక్క అడుగు తగ్గకూడదు, ఒక్క అడుగు పెరగకూడదు.

అంటే గురువారాలు విశ్రాంతి. ఎవరో ఆ చుక్కల మీద అంకెలు వేశారు. అతను మూడు గురువారాలు వాటిని పరిగెత్తేశాడు.

"అందుకే నాడి దిగట్లేదు" అంది భార్య. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. రోజూ పొద్దున్నే మొగుడి మణికట్టు పట్టుకోవడం ఆమెకు అలవాటు. "నలభై ఆరు ఉండేది యాభై తొమ్మిదైంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని మీరే కదా మూలిగేది? ఇలా చుక్కల మీద అంకెలుంటే మీకు అనుమానం రాలేదా?"

రాలేదు. ఎందుకు రాలేదో అతనికి తెలుసు. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

కారణం కళ్ళజోడు.

కళ్ళజోడు అంటే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే కుర్రాడు. వాడికి మాత్రం కళ్ళజోడు లేదు. లిఫ్టుకన్నా పదకొండేళ్ళు చిన్న. క్లబ్బుకు వచ్చి రెండేళ్ళే అయింది. పరిగెడుతుంటే వాడి పాదాలు నేలకు తగులుతున్నట్టే ఉండదు. మాస్టారు వాడి జోకులకు నవ్వుతారు. క్లబ్బు గది తాళంచెవి వాడికే ఇచ్చారు. పన్నెండేళ్ళుగా వానా ఎండా అనకుండా వస్తున్న లిఫ్టుకు ఆ తాళంచెవి ఇవ్వలేదు. వాడు రౌండు ముగించి నీళ్ళ సీసా ఎత్తినప్పుడల్లా లిఫ్టు కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టుండేది.

ఈసారి పెద్ద మారథాన్‌కు క్లబ్బు నుంచి ఒక్కరినే పంపుతారు. ముప్ఫై కిలోమీటర్ల ట్రయల్‌లో గెలిచినవాడు వెళ్తాడు. లిఫ్టుకు ముప్ఫై ఆరు నిండాయి. వచ్చే ఏటికి తన మోకాళ్ళు ఉంటాయో లేదో తనకే నమ్మకం లేదు.

అలాంటప్పుడు ఈ కాగితం చేతికొచ్చింది. గురువారాల్లో చుక్కలు లేవు, అంకెలున్నాయి. గురువారాలు కళ్ళజోడు మైదానానికి రావట్లేదు. అంటే వాడికి చుక్క, తనకు పద్దెనిమిది. మాస్టారు ఎట్టకేలకు ఎవరు గట్టివాడో గుర్తించారనుకున్నాడు. ఆ సంతోషంలో ఇంకేమీ కనబడలేదు.

"వాడే. ఇది వాడి పనే" అన్నాడు లిఫ్టు.

"ఎవరండీ?"

"కళ్ళజోడుగాడు. నా కాగితం ఒక రాత్రంతా క్లబ్బు గదిలోనే ఉంది. తాళంచెవి వాడి దగ్గర."

"అనుమానం పెనుభూతం అంటారు. ముందు మాస్టారికి చూపించండి."

*

స్టేడియం మెట్ల కింద ఒకే ఒక్క గది క్లబ్బు. రేకు బీరువా, పొడవాటి బల్ల, గోడకు తగిలించిన రిలే బ్యాటన్లు. బల్ల సొరుగులో క్లబ్బు రికార్డు పుస్తకం ఉంటుంది. ఆ సొరుగు చెవి మాస్టారి మెడలో ఈలతోపాటు వేలాడుతుంది. పుస్తకంలో ముప్ఫై కిలోమీటర్ల పేజీలో చివరి పేరు ఆయనదే. గంటా యాభై నాలుగు నిమిషాల ఎనిమిది సెకన్లు. ఇరవై నాలుగేళ్ళుగా దాని కింద ఇంకో లైను పడలేదు.

స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు కుడి మోకాలు వంగదు. గురువారాలు దానికి వైద్యం చేయించుకోవడానికి వెళ్తారు కాబట్టి మైదానానికి రారు.

సాయంత్రం లిఫ్టు ఆరిన కాగితాన్ని బల్ల మీద పరిచాడు. మాస్టారు అద్దాలు పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"మూడు గురువారాలూ పరిగెత్తావా?"

"పరిగెత్తాను మాస్టారూ. మీరే రాశారనుకున్నాను."

"అడగొచ్చుగా, సన్నాసీ?"

"ప్లాన్‌ని అడగకు, నమ్ము అన్నది మీరే కదా."

మాస్టారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాడి ఎంత?"

"యాభై తొమ్మిది."

ఆయన సొరుగు పక్కనుంచి కొత్త కాగితం లాగారు. గళ్ళు గీశారు. పెన్సిలు తీసి చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... ఆగట్లేదు. పన్నెండు గళ్ళలో ఏడు చుక్కలు. మిగిలినవాటిలో బాల్ పెన్నుతో ఆరు, ఎనిమిది, ఆరు, ఐదు. చివరి గడిలో ముప్ఫై.

"మాస్టారూ! ట్రయల్ ముందు ఏడు రోజులు ఖాళీగా కూర్చోమంటారా?"

"కూర్చోవద్దు, పడుకో. నీ కాళ్ళల్లో పరుగుంది. దాని మీద పడ్డ బరువు దిగాలి, అంతే."

"ఇది కళ్ళజోడు చేసిన పని మాస్టారూ. నాకు తెలుసు."

"చూడనిదాన్ని నోటితో అనకు" అని మాస్టారు లేచి, కిటికీ మూసి, దీపం ఆర్పేశారు. మాట్లాడేదేమీ లేదన్నట్టు.

*

మర్నాడు మధ్యాహ్నం, పక్క భవనంలో ఇరుక్కున్న లిఫ్టును మూడో అంతస్తు నుంచి దింపి, చేతులకు గ్రీజుతోనే కళ్ళజోళ్ళ దుకాణంలోకి వెళ్ళాడు లిఫ్టు. కళ్ళజోడు ఒక పెద్దావిడకు ఫ్రేములు చూపిస్తున్నాడు.

"ఇది పెట్టుకుంటే అచ్చం మా అత్తగారిలా ఉన్నాను. తీసెయ్" అంటోంది ఆవిడ.

"పోనీ ఇది చూడండమ్మా. కోడలిలా ఉంటారు."

ఆవిడ నవ్వి, ఆ ఫ్రేముతో అద్దం దగ్గరికి వెళ్ళింది. లిఫ్టు కౌంటరు మీదికి వంగాడు.

"నా ప్లాన్‌లో అంకెలు వేసింది నువ్వేనా?"

"ఏం ప్లానన్నా? ఏం అంకెలు?"

"నటించకురా. గది తాళం నీ దగ్గరుంది. నా గురువారాలు చెడగొట్టావు."

ఆ మాటకు కళ్ళజోడు మొహం మారింది. లిఫ్టు కనిపెట్టాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న మొహం అది.

"చూశావా! గురువారం అనగానే కంగారుపడ్డావు."

"అది కాదన్నా..." వాడు పెద్దావిడ వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే, చెప్పేస్తాను. మాస్టారికి మాత్రం చెప్పొద్దు. ఒట్టు."

"చెప్పు."

"గురువారాలు నాకు చుక్క. మొదటి గురువారం పొద్దున్నే షాపు తాళం తియ్యడానికి వస్తుంటే, ఎదురుగా నువ్వు పరిగెడుతూ కనిపించావు. పద్దెనిమిదో ఎంతో అయి ఉంటుంది. చెమటతో మెరిసిపోతున్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది."

"నీకెందుకు మంట?"

"ఎందుకేమిటన్నా? లిఫ్టన్నకు ఎక్కువిచ్చారు, నాకు తక్కువిచ్చారు, మాస్టారు నిన్నే గెలిపించాలనుకుంటున్నారు అనుకున్నాను. నీతో మాట్లాడేటప్పుడు ఆయన ఎప్పుడూ సీరియస్‌గా ఉంటారు. నాతో జోకులే. నన్ను లెక్కలోకి తీసుకోవట్లేదని ఎన్నిసార్లు ఏడ్చానో నీకేం తెలుసు? ఆ సాయంత్రం నుంచి నేనూ దొంగచాటుగా పరిగెత్తాను. వరసగా రెండు గురువారాలు. ఇదిగో."

వాడు కౌంటరు కింద నుంచి కాలెత్తి చూపించాడు. మడమ బొప్పాయిపండులా వాచి ఉంది. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన తన ప్లాన్ తీసి పరిచాడు. గురువారాల గళ్ళలో చుక్కలు. వాటి మీద ఏ అంకే లేదు.

"నీ కాగితం చెడగొట్టడానికి నాకు నీ కాగితం కనబడాలి కదన్నా? కనబడి ఉంటే అప్పటికప్పుడే నకలు రాసుకునేవాణ్ణి" అన్నాడు కళ్ళజోడు.

అబద్ధం అంత సిగ్గులేకుండా ఉండదు. లిఫ్టుకు నమ్మక తప్పలేదు. తనను చూసి వాడు కుళ్ళుకున్నాడనేసరికి లోపల ఏదో చల్లబడింది కూడా. చల్లబడినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"నాన్నా, ఈ కోడలు బాగుంది. ప్యాక్ చెయ్యి" అంది అద్దం దగ్గరి పెద్దావిడ.

*

"కళ్ళజోడు కాదా? మరెవరు?" అంది భార్య ఆ సాయంత్రం.

"తెలీదు. ఎవడో గిట్టనివాడు."

"మాస్టారు ఏమన్నారు, ఎవరు చేసి ఉంటారని?"

"ఏమీ అనలేదు. నేనే వాడి పేరు చెప్తే కసిరారు."

"ఎవరు చేశారని అసలు అడగనే లేదా?"

లిఫ్టు ఆలోచించాడు. నాడి అడిగారు. పరిగెత్తావా అని అడిగారు. "లేదు. ఆయనకు నా కాళ్ళ గురించే బెంగ. పెద్దమనిషి."

ఆమె కొత్త కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. ఈసారి ప్లాస్టిక్ కవరులో పెట్టింది.

ఇక్కడి నుంచి నరకం మొదలైంది. మైళ్ళకొద్దీ పరిగెత్తేవాణ్ణి పడుకోబెట్టడం కన్నా పెద్ద శిక్ష లేదు. పొద్దున్నే ఐదింటికి మెలకువ వచ్చేస్తుంది. కాగితంలో చుక్క. కిటికీలోంచి చూస్తే వీధిలో కళ్ళజోడు. వాడి ప్లాన్‌లో ఆ రోజు పన్నెండు. మడమ వాపు తగ్గినట్టుంది, మళ్ళీ గాల్లో తేలుతున్నాడు. వాడు వీధి చివర మలుపు తిరిగేదాకా లిఫ్టు కర్టెన్ పట్టుకుని నిలబడేవాడు. పళ్ళు నూరుకోవడం పక్కగదిలోకి వినిపించేది.

"కర్టెన్ చిరుగుతుంది. వదలండి" అనేది భార్య.

శుక్రవారం ఓర్చుకున్నాడు. శనివారం ఎనిమిది కిలోమీటర్లు ప్లాన్‌లో ఉన్నట్టే పరిగెత్తాడు. ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్దామని కాళ్ళు బతిమాలాయి. తిరిగి వచ్చేశాడు. సోమవారానికి అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది. ఒక కాగితం దొంగది అయినప్పుడు, రెండోది అసలుదని నమ్మకం ఏమిటి? ఏడు చుక్కలా? ఏ ప్లాన్‌లోనైనా ఉంటాయా? కళ్ళజోడు కిటికీ కిందుగా వెళ్తున్న చప్పుడు వినగానే లేచి బూట్ల కోసం వెతికాడు. కుడిది ఉంది. ఎడమది లేదు.

"నా ఎడమ బూటేది?"

"ఆసుపత్రి బ్యాగులో ఉంది. రోజూ నాతోనే వస్తోంది" అంది భార్య దుప్పటి లోపలి నుంచి.

"ఇదేం దౌర్జన్యం?"

"చెయ్యి ఇటివ్వండి." ఆమె మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూసింది. "బుధవారం యాభై ఎనిమిది. శుక్రవారం యాభై నాలుగు. ఇవాళ యాభై. రాసింది ఎవరో, ఎందుకు రాశారో నాకు తెలీదు. కాగితం అబద్ధమాడొచ్చు. మీ రక్తనాళానికి కళ్ళజోడంటే కుళ్ళు లేదు, అది అబద్ధమాడదు. ఈ ప్లాన్ నిజమైందే. పడుకోండి."

పడుకున్నాడు. వీధిలో అడుగుల చప్పుడు దూరమైంది. జీవితంలో అతను గెలిచిన మొట్టమొదటి పందెం అదేనేమో, దానికి ప్రేక్షకురాలు ఒక్కతే.

ట్రయల్ రోజు పొద్దున నాడి నలభై ఐదు.

*

ఆరు రౌండ్లు, రౌండుకు ఐదు కిలోమీటర్లు. ఫ్యాక్టరీల వెనక రోడ్డు, ఆదివారం లారీలు ఉండవు. మాస్టారి నియమం ప్రకారం పరిగెత్తేవాళ్ళు వాచీ పెట్టుకోకూడదు. రౌండుకోసారి ఆయన టైము అరిచి చెప్తారు, అంతే. కళ్ళజోడు మణికట్టు చెమటపట్టీ కింద వాచీ దాచుకుంటాడని అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు.

మూడు రౌండ్లదాకా ఎనిమిది మంది. నాలుగో రౌండుకు ఇద్దరు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ఎప్పుడూ వచ్చే మంట కోసం లిఫ్టు కాచుకున్నాడు. అది రాలేదు. కాళ్ళు తనవి కావన్నట్టు, ఎవరో నూనె వేసిన యంత్రాల్లా తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ పడుకున్నదంతా పిక్కల్లో దాక్కుని ఉంది.

ఐదో రౌండు ముగిసే మలుపులో ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు. మాస్టారు వాచీ చూశారు. నోరు తెరిచారు. మళ్ళీ వాచీ చూశారు. తర్వాత అరిచారు.

"గంటా ముప్ఫై అయిదు, నాలుగు సెకన్లు!"

"మాస్టారి రికార్డు బద్దలవుతుందన్నా!" అన్నాడు కళ్ళజోడు ఆయాసంతో.

"మాట్లాడకు, పరిగెత్తు."

"నా మడమ అయిపోయింది. నువ్వు వెళ్ళు. వెళ్ళవయ్యా బాబూ, నిన్ను చూసి ఏడవలేక చస్తున్నా!"

లిఫ్టు వెళ్ళాడు. వెనక అడుగులు దూరమవుతుంటే, ఈసారి పళ్ళు నూరుకునేది తాను కాదని అర్థమై నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి పోతుందని ఆపుకున్నాడు.

గంటా యాభై మూడు నిమిషాల యాభై ఒక్క సెకన్లు. కళ్ళజోడు నిమిషం తర్వాత కుంటుకుంటూ వచ్చి, అతని మెడ చుట్టూ చెయ్యి వేసి, "వచ్చే ఏడు చూసుకుందాం ముసలోడా" అన్నాడు. అని, ఐసు వెతుక్కుంటూ వెళ్ళాడు.

*

క్లబ్బు గదిలో ఇద్దరే. మాస్టారు మెడలోంచి తాళంచెవి తీసి సొరుగు తెరిచారు. రికార్డు పుస్తకం తీశారు. దాని పక్కనే ఉన్న నలుపు రంగు ఫౌంటెన్ పెన్ను తీశారు. ఆ పెన్ను ఆ పుస్తకానికి తప్ప ఇంక దేనికీ వాడరు.

లిఫ్టు బల్ల మీదికి వంగాడు. తన పేరు ఆ పేజీలో ఎక్కడం కళ్ళారా చూడాలి. మాస్టారు తన సొంత పేరు కింద లిఫ్టు పేరు, టైము నెమ్మదిగా రాశారు. 1:53:51. నీలం ఇంకు, గుండ్రటి అంకెలు.

లిఫ్టు గడ్డం మీంచి చెమట చుక్క ఒకటి జారి, సరిగ్గా యాభై మూడు మీద పడింది.

అంకె కరిగింది. మధ్యలో నీలం. అంచుల్లో వంకాయరంగు విచ్చుకుంది.

లిఫ్టు ఆ మరకను చూశాడు. ఫ్రిజ్ తలుపు మీద దాన్ని చూసి పన్నెండు రోజులే అయింది. తల ఎత్తాడు. మాస్టారు పెన్ను మూత పెట్టట్లేదు.

"ఎవరు చేశారని మీరు అడగలేదు" అన్నాడు లిఫ్టు మెల్లిగా. "మా ఆవిడ అప్పుడే అంది."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు.

"మీ ఆవిడ తెలివైంది. కూర్చో. కూర్చోవా? సరే, నిలబడే విను. వేసింది నేనేరా. చుక్కలూ నేనే పెట్టాను, అంకెలూ నేనే వేశాను. చుక్కలు పెట్టినప్పుడు మాస్టార్ని. ప్లాన్ మొత్తం రాసి చూసుకున్నాను. నా జన్మలో అంత మంచి ప్లాన్ రాయలేదు. దాన్ని తు.చ. తప్పకుండా పరిగెత్తేవాడివి నువ్వొక్కడివే. లెక్క కట్టాను. గంటా యాభై మూడు. నా లెక్క తప్పదు, చూశావుగా. అప్పుడు ఈ పుస్తకం తీసి నా పేరు చూసుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు, ఒరేయ్! నా మోకాలు పోయింది, ఉద్యోగం అయిపోయింది, స్కూల్లో నా పేరు ఎవడికీ గుర్తులేదు. ఈ ఒక్క లైను ఉంది. దాని కింద నువ్వు. కళ్ళజోడుగాడు వచ్చినా ఇంత మండేది కాదు, వాడికి కాళ్ళు దేవుడిచ్చాడు. నీకు నేనిచ్చాను. చేతిలో ఈ పెన్నే ఉంది. నేను మైదానానికి రానిది గురువారం. వేసేశాను. చుక్కలు చెరిపేద్దామని రబ్బరు కూడా తీశాను. ఎందుకో చేతులు రాలేదు. నువ్వు వచ్చి అడుగుతావనుకున్నాను. అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం పెట్టి నువ్వు పరిగెడుతుంటే, అది చూసి ఇంకా మండింది. కాగితం తడిపి తెచ్చిన రోజు దొరికిపోయాననుకున్నాను. నువ్వు ఆ కుర్రాడి పేరు చెప్పావు. రెండో ప్లాన్ సరిగ్గానే రాశాను. భయపడి రాశానో, సిగ్గుపడి రాశానో ఇప్పటికీ తెలీదు. అది నా మంచితనం అనుకోకు. ఇవాళ ఐదో రౌండులో మీరిద్దరూ వస్తుంటే వాచీ చూశాను. పదిహేను సెకన్లు కలిపి అరిస్తే చాలు, రికార్డు ఇక అందదనుకుని నువ్వు చల్లబడేవాడివి. నోటిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకంటావా? నీ పక్కన కళ్ళజోడున్నాడు. వాడి చెమటపట్టీ కింద వాచీ ఉంది. అంతే, అందుకే."